దువ్విన నాడి

దొరబాబును చంపింది మీరు. గుండెజబ్బు కాదు, ఎండ కాదు, తలరాత అసలే కాదు. మీరు. జంటనాడి కంపెనీ చల్లటి గదుల్లో కూర్చుని, ఒక మనిషి గుండె ఇంకో మనిషికి ఇంపుగా తగలాలని దాన్ని దువ్వి, పౌడరు రాసి పంపినవాళ్లు మీరు. ఆ దువ్వెన తయారుచేసినవాళ్లూ, దాన్ని చూసి చప్పట్లు కొట్టినవాళ్లూ, నలభై దాటిన ఒంటరివాళ్లకు ఇది వరం అని పత్రికల్లో రాసినవాళ్లూ, అందరూ కూర్చోండి. జరిగింది వినండి. మీకు వినబుద్ధి కాకపోయినా ఇది ఆగదు.

కాకినాడలో హైమావతి అని ఒక మత్తు డాక్టరు ఉంది. నలభై ఎనిమిదేళ్లు. చదువు అయిన దగ్గర్నుంచీ ఆమె పని ఒక్కటే: మనిషిని నిద్రపుచ్చడం, కోత అయ్యేదాకా ప్రాణానికి కాపలా కాయడం, మళ్లీ లేపడం. ఆమె ముందు పడుకున్న మనిషి మాట్లాడడు. నొప్పి అనడు, దాహం అనడు, భయం అనడు. తల దగ్గరున్న మోనిటరే మాట్లాడుతుంది. అందుకని మనిషి నోటి మీదకన్నా తెర మీద గీత మీద ఆమెకు గురి ఎక్కువ. ఆ గురి వల్లే ఎంతోమంది బల్ల మీద నుంచి లేచి ఇంటికి వెళ్లారు. ఆ మాట కూడా చెప్పుకోవాలి, లేకపోతే తరవాత జరిగింది విని ఆమెను వెర్రిబాగులది అనుకుంటారు.

పెళ్లి ఒకసారి అయింది. ఆ పెద్దమనిషి అన్నం కలుపుకుంటూ అబద్ధం చెప్పేవాడు, నవ్వుతూ చెప్పేవాడు, మొహంలో ఒక్క నరం కదిలేది కాదు. విడిపోయి చాలా ఏళ్లయింది. ఆ గాయం మానిపోయింది. కానీ ఈమధ్య డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్లి తలుపు తీస్తుంటే, ఆ తాళం చప్పుడు తప్ప పలకరించేది ఏదీ లేకపోవడం ఆమెకు విసుగెత్తింది.

ఆ విసుగు కనిపెట్టింది ఎస్తేరు సిస్టరు. ఆపరేషన్ థియేటర్లో పాతకాపు, నోరు పెద్దది. రెండు ఆపరేషన్ల మధ్య టీ తాగుతూ, హైమ చేతిలోంచి ఫోను లాక్కుని యాప్‌లు దించడం మొదలుపెట్టింది.

మొదటిది తెరవగానే కులం అడిగింది. తరవాత శాఖ, నక్షత్రం, ఒంటి రంగు. 'రెండో సంబంధం' అని నొక్కితే ఒక బ్యాంకు మేనేజరు ఊడిపడ్డాడు. ఆయనకు యాభై ఆరు. అణకువగల, వంట వచ్చిన, ముప్పై అయిదు దాటని స్త్రీ కావాలట.

"ఈయనకి కావలసింది పెళ్లాం కాదండీ, వంటమనిషి. అదీ జీతం లేకుండా," అంది ఎస్తేరు. "తీసేత్తున్నానండీ, ఆయ్."

రెండోది కుర్రకారు యాప్. మొహాలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి. నచ్చితే ఈ పక్కకి తొయ్యాలి, నచ్చకపోతే ఆ పక్కకి. హైమ ఫొటో పెట్టి కప్పులో టీ అయిపోయేలోగా ఒకడు 'హాయ్ ఆంటీ' అని పంపాడు. వాడి వెనక బుల్లెట్టు బండి, కళ్లకు నల్లద్దాలు.

"మా ఆఖరోడి ఈడుంటాడండి ఈడు! అడ్రసియ్యమనండి, చెప్పుచ్చుకుని నేనెల్తాను."

హైమ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎస్తేరుకు ఇంకా హుషారొచ్చింది. మూడోది తెరిచింది. జంటనాడి.

అందులో ఫొటో లేదు. కులం లేదు, ఉద్యోగం లేదు. చేతికి కట్టుకునే మెత్తటి పట్టీ ఒకటి ఇంటికి పంపుతారు. లోపలి వైపు చిక్కుడుగింజంత బుడిపె ఉంటుంది. అవతలి మనిషి పట్టీ ఆ మనిషి నాడిని పట్టుకుంటుంది, ఇవతలి బుడిపె దాన్ని మన మణికట్టు మీద కొడుతుంది. కొన్ని వారాలు ఒకరి నాడి ఒకరు మోసుకు తిరగాలి. తరవాతే పేర్లు. ఆ తరవాతే చూపులు.

హైమ కప్పు కింద పెట్టేసింది. "ఇది," అంది.

"అదేటండీ, మొహమైనా చూడకుండా?"

"మొహం అబద్ధమాడుతుంది సిస్టర్. నాడి ఆడదు."

ఎస్తేరు ఆమె వంక ఎగాదిగా చూసింది. "మేడమండీ, తమకి మొగుడు కావాలా, మోనిటరు కావాలా?"

పట్టీ వచ్చింది. మొదటి రెండు రోజులూ ఆమెకు అదోలా అనిపించింది. రోగికి ఇంజక్షను ఇస్తుంటే, కూరగాయలు బేరమాడుతుంటే, చేతి మీద ఎవరిదో గుండె టక్ టక్‌మని తడుతుంది. తరవాత అలవాటైంది. తరవాత అది లేకపోతే ఉండలేకపోయింది. ఆమె మెట్లెక్కుతుంటే అది కాస్త జోరందుకునేది. పడుకుంటే నెమ్మదించేది. "నేను అలిసిపోయినప్పుడు అవతలి మనిషీ అలిసిపోతున్నాడు సిస్టర్, ఎంత చిత్రమో," అని మురిసిపోయింది. చదువుకున్న మనిషి, నాడి మీద బతికిన మనిషి, ఆ చిత్రం ఎక్కణ్ణుంచి వస్తోందో అడగలేదు. ముచ్చటపడే మనిషి ప్రశ్న వెయ్యదు. అది మీకు ముందే తెలుసు. మీ వ్యాపారమంతా దాని మీదే కదా.

పేరు తెలిసింది. దొరబాబు. యాభై రెండు. భార్య పోయి ఆరేళ్లు. జగన్నాథపురంలో అక్క బేబమ్మతో ఉంటాడు. పోర్టులో డ్రాఫ్టు సర్వేయరు.

మొదటిసారి మెయిన్‌రోడ్డులో ఒక టిఫిన్ హోటల్లో కలుసుకున్నారు. సన్నగా, నల్లగా, సముద్రపు గాలికి ఎండిపోయిన మనిషి. కుర్చీలో కూర్చోక ముందే, "పెసరట్టు ఇక్కడ బావుంటాదండి, ఉప్మా మాత్రం ఒద్దు, నిన్నటిదేమో అని నా అనుమానం," అన్నాడు.

"డ్రాఫ్టు సర్వేయరంటే?"

"ఓడ ఎంత మునిగిందో చూసి, లోపల సరుకెంతుందో చెప్పడమండి. ఓడ ఒంటి మీద అంకెలేసుంటాయి. లాంచీ మీద ఓడ చుట్టూ తిరిగి, నీళ్లు ఏ అంకె దాకా వచ్చాయో కళ్లతో చూడాలి. కెప్టెను ఎంతని చెప్పినా మనకనవసరం."

"అలలుంటే నీళ్లు లేస్తూ పడుతూ ఉంటాయి కదా?"

"సగటు తీసుకోవాలండి. కానండీ, సగటు తీసేటప్పుడు ఒళ్లు దగ్గరెట్టుకోవాలి. లేకపోతే పెద్ద అలొచ్చిన సంగతే కాయితమ్మీద కనపడదు."

ఆ మాట ఆమెకు నచ్చింది. ఆయన నవ్వు నచ్చింది. పెసరట్టు సగం విరిచి అడక్కుండా ఆమె పళ్లెంలో వెయ్యడం నచ్చింది. తరవాత చాలాసార్లు కలిశారు. సినిమా హాల్లో చేతులు పట్టుకున్నారు. ఇంత దగ్గరగా వచ్చిన ఈ మత్తు డాక్టరు ఒక్కసారైనా ఆయన మణికట్టు మీద తన వేలు పెట్టి చూసిందా? లేదు. కొత్తగా చూడ్డానికేముంది, ఆయన నాడి పొద్దస్తమానం తన చేతిలోనే కొట్టుకుంటుంటే! వేలు పెట్టే అవసరమే లేకుండా చేశారు మీరు.

వేసవి వచ్చింది. ఒక మధ్యాహ్నం థియేటర్లో కేసు నడుస్తోంది. బల్ల మీద మనిషి నిద్రలో ఉన్నాడు, హైమ అతని తల దగ్గర ఉంది. ఫోను మోగింది. ఎస్తేరు స్పీకరు పెట్టి ఆమె చెవి దగ్గర పట్టుకుంది.

"హైమగారూ, పనిలో ఉన్నారాండీ?" దొరబాబు గొంతు. రొప్పుతున్నాడు. "లాంచీ దిగేసరికి కళ్లు తిరిగాయండి. ఇంటికొచ్చేశాను. గుండెలో కప్ప గెంతుతున్నట్టుందండి. రెండు కొట్టి ఆగుతాది, మళ్లీ నాలుగు పరిగెడతాది. చెమటలు పట్టేత్తన్నాయి."

హైమ తల వంచి తన చేతి మీద ధ్యాస పెట్టింది. టక్, టక్, టక్. ఒక్క దెబ్బ తప్పడం లేదు. గడియారంలా, నిబ్బరంగా.

"కంగారు పడకండి," అంది. "ఎండలో తిరిగొచ్చారు. మజ్జిగలో ఉప్పేసుకు తాగి పడుకోండి. మీ నాడి నా చేతిలోనే ఉంది, భేషుగ్గా ఉంది."

"బావుందంటారా?"

"నేను చెప్తున్నాగా."

"మీరంటే ఇంకేటండి. పడుకుంటాను."

ఫోను పెట్టేశాక ఎస్తేరు కదల్లేదు. "పోనీ మన క్యాజువాల్టీకి వచ్చెయ్యమందామాండీ? మనిషి రొప్పుతున్నాడు."

"ఎందుకు సిస్టర్? చెయ్యి ఇలా పెట్టి చూడు, ఎంత బాగా కొడుతోందో."

ఎస్తేరు చూసింది. నిజమే. బాగా కొడుతోంది. ఆ పూటంతా బాగానే కొట్టింది. కాసేపటికి నెమ్మదించింది కూడా, హాయిగా నిద్రపోయిన మనిషి నాడిలా. హైమ కేసు ముగించింది, ఇంకో కేసు మొదలుపెట్టింది, మధ్యలో ఒకసారి పట్టీని వేలితో నిమిరింది.

సాయంత్రం బత్తాయిలు కొనుక్కుని జగన్నాథపురం వెళ్లింది. గుమ్మంలో చెప్పులు చాలా ఉన్నాయి. పోర్టు మనుషులు నలుగురైదుగురు గోడవార నిలబడ్డారు. ముందుగదిలో దొరబాబును నేల మీద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు.

ఆమె చేతిలో టక్, టక్, టక్.

పరిగెత్తి వెళ్లి మెడ మీద వేళ్లు పెట్టింది. ఆయన రెప్పలెత్తి చూసింది. ఒళ్లు చల్లబడి బిగుసుకుపోతోంది. పోయి చాలాసేపయింది. ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు, అది ఆమె విద్య. కానీ ఆమె చేతిలో మాత్రం దొరబాబు కొట్టుకుంటూనే ఉన్నాడు. నిబ్బరంగా. ఒక్క దెబ్బ తప్పకుండా.

బేబమ్మ ఏడవడం లేదు. ఏడుపు అయిపోయినట్టుంది. "నువ్వేనా తల్లీ డాక్టరమ్మవి?" అంది. "ఆటో పిలుత్తానురా, ఆస్పత్రికెల్దాం అన్నాను. ఒద్దక్కా, డాక్టరుగారు నాడి చూసి బావుందన్నారు అన్నాడు. నీ మాట మీద పడుకున్నాడమ్మా. మజ్జిగ్గలాసు కూడా ఖాళీ చెయ్యలేదు."

బేబమ్మ తమ్ముడి చేతి పట్టీ ఊడదీసి హైమ ఒళ్లోకి విసిరింది. "ఇది నా ఇంట్లో ఉండకూడదు. పట్టుకుపో."

హైమ ఇంటికెళ్లి పడి ఏడ్చి ఊరుకుంటే మీకు బాగుండేది. ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే థియేటరుకు వచ్చింది. సెలైన్ సీసా ఒకటి మనిషి ఒంటి వేడికి వెచ్చబెట్టి, దొరబాబు పట్టీని దానికి కట్టింది. తన చెయ్యి చాపి కూర్చుంది.

కాసేపు ఏమీ లేదు. తరవాత టక్. టక్. టక్.

"ప్రభువా!" ఎస్తేరు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "సీసాకి నాడేటండీ?"

అప్పుడే ఫోన్లో మీ మెసేజీ మెరిసింది: 'దొరబాబు గారు ప్రశాంతంగా ఉన్నారు. మీ ఇద్దరి లయలు చక్కగా కలుస్తున్నాయి.'

హైమ లేచింది. ఆస్పత్రి మెట్లన్నీ పరుగెత్తి ఎక్కి, పరుగెత్తి దిగింది. చేతిలో నాడి జోరందుకుంది. సీసా మాత్రం బల్ల మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆమె గోడకానుకుని ఊపిరి తీసుకుంది. నాడి మెల్లిగా తగ్గింది. ఆమెదెలా తగ్గిందో అలాగే.

ఆమెకు అర్థమైంది. మెట్లెక్కినప్పుడు తనతోపాటు అలిసిపోయింది దొరబాబు కాదు. ఇన్ని నెలలూ ఆమె మురిపెంగా మోసింది తన నాడినే. దాన్ని కాస్త నున్నగా చేసి, మగవాడి పేరు పెట్టి, తిరిగి తన చేతికే కట్టారు.

"పదండి," అంది ఎస్తేరు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆళ్ల కొంపెక్కడో చెప్పండి, ఆయ్."

వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ వారమే మీ పిలుపు వచ్చింది. కోస్తా జిల్లాలన్నిట్లో బాగా కుదిరిన జంట వీళ్లదేనట, విశాఖపట్నం వస్తే ప్రకటన చిత్రం తీస్తారట, దొరబాబుగారిని కూడా వెంటబెట్టుకు రావాలట.

ఇద్దరూ వెళ్లారు. కొండ మీద అద్దాల భవనం. కింద సముద్రం. విహారి అనే మీ అధిపతి నవ్వుతూ ఎదురొచ్చాడు. "రండి డాక్టర్‌గారూ! సార్ రాలేదా?"

హైమ సంచిలోంచి సెలైన్ సీసా తీసి బల్ల మీద పెట్టింది. దానికి పట్టీ కట్టే ఉంది. "వచ్చారు," అంది. "మాట్లాడండి."

విహారి నవ్వు ఆగింది. హైమ చెప్పింది విన్నాడు. విన్నాక అతని మొహంలో కనపడింది దుఃఖం కాదు, చిరాకు. "మేడమ్, మీరు సైన్సు మనిషి, మీకు దాచేదేముంది? మొదట్లో నాడిని ఉన్నదున్నట్టే పంపాం. నలభై దాటినవాళ్ల గుండెలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. తడబడతాయి, ఆగుతాయి, బీపీ మాత్ర వేసుకుంటే మందగిస్తాయి. అవతలివాళ్లు బెదిరిపోయారు. ఒక్క జంట నిలవలేదు. అప్పుడు కుముదగారు దువ్వెన అని ఒక ప్రోగ్రాము రాశారు." బల్ల చివర కూర్చున్న నెరిసిన జుట్టావిడను చూపించాడు. "తప్పిన దెబ్బల్ని పూడుస్తుంది. మీ లయకి దగ్గరగా జరుపుతుంది. నాడి అందకపోతే ఖాళీ తెలియకుండా నింపుతుంది."

"చచ్చిపోతే కూడా?"

"పట్టీ జారిపోయిందని అనుకుంటుంది. అయినా ఇది వైద్య పరికరమని మేమెప్పుడూ చెప్పలేదు. ఇది ఒక అనుభూతి."

"అనుభూతట!" ఎస్తేరు ముందుకొచ్చింది. "ఏరా బాబూ, మనిషి గిలగిలా కొట్టుకుంటంటే ఈవిడ చేతికి జోలపాట పాడారు కదరా! దాన్నేటంటారు మీ ఊళ్లో?"

"ఆవిణ్ణి బయటికి పంపండి," అన్నాడు విహారి.

హైమ అతణ్ణి పట్టించుకోలేదు. కుముద వైపు చూస్తోంది. కుముద చేతికీ పట్టీ ఉంది.

"మీ చేతిలో ఎవరున్నారు?"

కుముద తల దించుకుంది. "సుధాకర్‌గారని... హోస్పేటలో ఇంజనీరు. దీంట్లోనే పరిచయం."

"దువ్వెన రాసింది మీరే. మరి ఎలా నమ్ముతున్నారు?"

"తెలుసు నాకు," అంది కుముద చాలా నెమ్మదిగా. "కానీ చేతి మీద తడుతుంటే తెలిసింది గుర్తుండదండీ."

"ఆయన ఇప్పుడెలా ఉన్నారు?"

కుముద వేళ్లు పట్టీ మీదకు వెళ్లాయి. "బాగానే..."

"పట్టీని కాదు. ఆయన్ని అడగండి."

విహారి ఇదంతా నాటకమన్నాడు. కుముద అప్పటికే ఫోను చేసింది. చాలాసేపు మోగింది. చివరికి ఒక గొంతు, నీరసంగా: "ఏంటి కుముదా, ఈ వేళప్పుడు?"

"ఎలా ఉన్నారు?"

"ఏం బాగుంటాను? రాత్రినుంచి జ్వరం, ఒకటే వాంతులు. లేచి నిలబడితే తూలిపోతున్నాను. నీకు తెలుస్తూనే ఉంటుంది, అయినా పలకరించలేదేమిటా అనుకుంటున్నాను."

కుముద చేతి మీద పట్టీ మాత్రం ఎంతో ప్రశాంతంగా కొట్టుకుంటోంది. "తలుపు గడియ తీసి పడుకోండి," అందామె. "పక్కింటివాళ్లని పిలవండి. ఆస్పత్రికి వెళ్లండి. నేను బయల్దేరుతున్నాను." పట్టీ పీకి బల్ల మీద పడేసింది.

"సరే, సరే," విహారి రెండు చేతులూ ఎత్తాడు. "అర్థమైంది. వచ్చే నెల బోర్డు మీటింగులో పెడతాను. ఒక్కసారిగా దువ్వెన తీసేస్తే ఏమవుతుందో తెలుసా? సగం జంటలు ఈ రాత్రికే విడిపోతాయి. సంతోషంగా ఉన్న మనుషులు మేడమ్!"

"విడిపోనివ్వండి. బతికుంటారు."

హైమ బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది. ఆ గొంతులో ఇప్పుడు ఏడుపు లేదు.

"వచ్చే నెల కాదు. రేపు కాదు. ఈ గదిలోంచి ఎవరూ కదలక ముందే దువ్వెన ఆపండి. తప్పిన దెబ్బ తప్పినట్టే పంపండి. నాడి అందకపోతే అందలేదని చెప్పండి. పట్టీ కట్టుకున్న ప్రతి మనిషికీ ఇప్పుడే కబురు పెట్టండి: ఇన్నాళ్లూ మీ చేతిలో కొట్టింది మీ మనిషి గుండె కాదు, మేము వాయించిన తాళం అని. పట్టీ విప్పి ఫోను చెయ్యమనండి. ఎలా ఉన్నావని నోటితో అడగమనండి. బాలేదని చెప్తే నమ్మమనండి. నేను నమ్మలేదు. మీరు నమ్మనివ్వలేదు. ఆ మాట కూడా రాయండి, దొరబాబు పేరుతో సహా రాయండి. కుముదగారూ, మీరు వెళ్లేముందు ఆ మీట ఎక్కడుందో చూపించండి. ఆపండి. నేను నిలబడి చూస్తాను."